బీటు దుంప: ఎరుపెల్ల నెత్తురు కాదు

(సంఘసభ్యుల మాసపఠనమునకు పాఠము)



మన యూరి పేరులోనే తోట యున్నది. 'ఆరామ' మనగా తోట. పూర్వులు దీనిని దక్షారామ మనిరి, వాడుకలో ద్రాక్షారామమైనది. భీమేశ్వరస్వామి యాలయమునకు నాలుగు ప్రక్కలను గోదావరి కాలువల నీటితో పండు వరిచేలును, గట్లపై కొబ్బరిచెట్లును కన్నులకు పండువుగ నున్నవి. అయినను మన వంటయింటిలోనికి వచ్చు కూరలలో పెరటిలో పండిన వెన్ని, సంతలో కొన్న వెన్ని యని యొక్క వారము లెక్క వ్రాసికొన్నయెడల, తోటపేరు గల యూరివారమగు మనకు కొంత సిగ్గు కలుగక మానదు. నీలగిరులనుండియు, కన్నడదేశమునుండియు బండ్లకెత్తి తెచ్చిన దుంపను మనము తూచి కొనుచున్నాము. దాని ఆకును మాత్రము ఎవరో ముందే త్రుంచి పారవేసియుందురు. ఈ మాసపు పాఠమునకు మే మా దుంపనే గైకొంటిమి.

మా పొరపాటు

పాఠమునకు ముందు మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున సభ్యుల సమావేశములో మేము బీటు దుంపను రెండుగ కోసి, ఎర్రని రసము కారుచుండగా పైకెత్తి చూపి, "ఇది నెత్తురువంటి దుంప, తినినవారికి నెత్తురు పట్టును" అని చెప్పితిమి. అందరును సంతోషించిరి. మాకును ఆ మాట చక్కగ నున్నట్లే తోచెను.

ఆ సభలో నున్న ఒక పెద్దమ్మగారు మా మాటను గట్టిగ పట్టుకొన్నారు. వారి కోడలికి అప్పుడు ఐదవ నెల. దినమున కొక గ్లాసు బీటురసము తప్పక త్రాగించినారు. ఆరోగ్య కార్యకర్త యిచ్చిన ఇనుపమాత్రలు మ్రింగినప్పుడు ఆ పిల్లకు వికారముగ నుండుటచే, "దుంప యుండగా మాత్ర లెందుకు?" అని వానిని అలమరలో పెట్టివేసిరి. రెండు నెలల పిమ్మట నెత్తురు పరీక్ష చేయింపగా, హిమోగ్లోబిను పెరుగుటకు మారుగ తగ్గియుండెను. తరువాత మేమా వీధిని పోవుచుండగా ఆమె మమ్ము నిలిపి యడిగినది: "బాబుగారూ, మీరు చెప్పినట్టే దుంప ఇచ్చాం గదండీ, మరి రక్తం ఏదండీ?"

మాయొద్ద సమాధానము లేకపోయెను. వైద్యుల సలహాచే మాత్రలను భోజనానంతరము వేయుట మొదలుపెట్టిరి. నెత్తురు మెల్లగ పెరిగెను, కాన్పు సుఖముగ జరిగెను. దైవము మేలు చేసెనే గాని మా మాట మేలు చేయలేదు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠము.

దుంప పుట్టుక

బీటు మన దేశపు మొక్క గాదు. దీని పూర్వికురాలు ఐరోపా, మధ్యధరా సముద్రతీరములందు ఉప్పునేలలలో తనంత తాను మొలచు మొక్క. మొదట మనుష్యులు దీని ఆకునే కూరగ తినిరి. లావైన దుంప తరువాతి కాలమున తోటమాలుల యెంపికచే వచ్చినది. ఈ జాతిలోనే తెల్లదుంప గల రకములనుండి 1747లో బెర్లిను నగరమున మార్గ్రాఫ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు చెరకు పంచదారవంటి పంచదారను తీసెను. ఇప్పటికిని చలిదేశములలో చెరకు పండనిచోట పంచదార యీ దుంపనుండియే వచ్చుచున్నది. మన తోటలలో పెంచు పాలకూర రకములు పెక్కు గూడ బీటు కుటుంబమువే. కావున బీటాకు మనకు పూర్తిగ క్రొత్త కూర గాదు. పాలకూర తినువాడు దాని చుట్టమును తినుచున్నట్లే.

దీని యెరుపునకు కారణము బెటానిన్ అను రంగు. మన నెత్తురు ఎరుపునకు కారణము ఇనుముతో కూడిన హిమోగ్లోబిను. ఈ రెంటికిని చూపున పోలికయే కాని గుణమున చుట్టరికము లేదు. బీటు తినిన మరునాడు కొందరికి మూత్రము ఎర్రగ వచ్చును. అది నెత్తురు గాదు, ఈ రంగే, భయపడ నక్కరలేదు. అయితే బీటు తినకయే ఎరుపు కనబడెనేని వైద్యుని చూడవలెను.

లెక్క చూతము

నూరు గ్రాముల పచ్చి దుంపలో సుమారు 87 గ్రాములు నీరే. పంచదార 7 గ్రాములకు కొంచెము లోపు, పీచు సుమారు 3 గ్రాములు, మాంసకృత్తు గ్రామున్నర, పొటాసియము 325 మిల్లీగ్రాములు. ఇనుము 0.8 మిల్లీగ్రాము మాత్రమే. ఫోలేటు అను విటమిను సుమారు 109 మైక్రోగ్రాములు. మిల్లీగ్రామున వెయ్యవ పాలు మైక్రోగ్రాము. దుంప యిచ్చు శక్తి 43 కేలరీలు. అనగా కడుపు నింపునది గాదు, కూరగ మాత్రమే తగినది.

ఇక ఇనుము సంగతి. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరునందు చిన్న పరిశోధనశాలగ పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలితో గూడి యీ సంస్థ 2020లో ప్రకటించిన లెక్కప్రకారము ఈడు వచ్చిన స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము ఆహారమున నుండవలెను. దానినంతయు బీటు దుంపనుండియే తీయవలెనన్న, దినమునకు మూడు కిలోల ఆరునూర్ల గ్రాముల దుంప తినవలెను. అది ఎవరికిని సాధ్యము గాదు. పెద్దమ్మగారి ప్రశ్నకు ఇదియే మొదటి సమాధానము: గ్లాసు రసములో ఎరుపు నిండ నున్నది, ఇనుము అడుగంటియున్నది.

ఇప్పుడు మనము పారవేయు ఆకును చూడుడు. నూరు గ్రాముల బీటాకులో ఇనుము సుమారు 2.6 మిల్లీగ్రాములు, అనగా దుంపకు మూడింతలకు పైన. సున్నపుధాతువగు కాల్షియము 117 మిల్లీగ్రాములు, సి విటమిను 30 మిల్లీగ్రాములు. కంటికి మేలుచేయు ఏ విటమినుగ మారు పదార్థము సమృద్ధిగ గలదు. దుంపలో ఆ పదార్థ మించుమించు లేదు. ధాన్యమును పారబోసి గడ్డిని గాదెలో పోసికొనువానిని చూచి మనము నవ్వుదుము. ఆకును పారవేసి దుంపను మాత్రము ఇంటికి తెచ్చువారమైన మనము కొంతవరకు ఆ పనియే చేయుచున్నాము.

అయినను ఆకును గూర్చి కూడ మరల అతిశయోక్తి చెప్పి రెండవ తప్పు చేయము. ఆకులో ఆక్జాలికామ్లము హెచ్చు. అది ఇనుమును కాల్షియమును కొంత బంధించి ఒంటికి పట్టనీయదు. మొక్కలలోని ఇనుము సామాన్యముగ పదింట ఒక పాలుకు మించి ఒంటబట్టదు. దానిని పెంచు ఉపాయము మన వంటయింటిలోనే యున్నది: నిమ్మరసము, ఉసిరిక, జామపండు. వీనిలోని సి విటమిను ఇనుమును ఒంటికి పట్టించును. భోజనముతో గాని, భోజనమైన వెంటనే గాని త్రాగు కాఫీ, టీలు దానికి అడ్డువచ్చును. కనుక అన్నమునకును టీకిని నడుమ గంటసేపైన ఎడముండవలెను.

దుంపలోని నిజమైన సొత్తు

అయితే దుంప వ్యర్థమా? కాదు. దానిలోని గొప్ప సొత్తు ఫోలేటు. క్రొత్త నెత్తురు కణములు పుట్టుటకు ఇనుమెంత యవసరమో ఫోలేటును అంత యవసరము. ఇనుము ఇటుక యనుకొన్నయెడల ఫోలేటు మేస్త్రి. మేస్త్రి లేనియెడల ఇటుకలున్నను గోడ లేవదు. ఇటుకలు లేనియెడల మేస్త్రి చేతులు కట్టుకొని కూర్చుండును.

దీని చరిత్రలో మన దేశమునకును, మన జిల్లాల తెలుగువానికిని చోటున్నది. 1928లో లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలకు వచ్చు ఒక విధమైన రక్తహీనతను పరీక్షించెను. ఇనుముతో నయము గాని ఆ జబ్బు ఈస్టు సారముతో నయమగుటను కనిపెట్టి 1931లో ప్రకటించెను. ఆ సారములోని పదార్థమును 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు సీమ పాలకూర ఆకులనుండి వేరుచేసి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి.

దానిని ఆకులతో పనిలేకుండ రసాయనశాలలో తయారుచేయు మార్గమును 1945లో ప్రకటించిన లెడర్లీ పరిశోధనశాలకు పెద్దగ నున్నవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895లో భీమవరమున జనించి, రాజమహేంద్రవరమున చదివినవారు. వారి సోదరులిద్దరు స్ప్రూ యను ఉదరవ్యాధిచే చనిపోయిరి. తామును ఆ జబ్బున పడి లేచిరి. ఆ వ్యాధిలో కలుగు రక్తహీనతకు పనిచేయు మందులలో ఫోలిక్ ఆమ్ల మొకటి. గోదావరి నీరు త్రాగి పెరిగిన మనుష్యుని పరిశోధనశాలనుండి వచ్చిన యా మందే నేడు మన గర్భిణీస్త్రీల కిచ్చు ఎర్రమాత్రలో ఇనుముతో గూడ నున్నది. ఆ మాత్రను అలమరలో దాచునప్పుడు మనము దేనిని దాచుచున్నామో తెలిసికొనుట మంచిది.

స్త్రీకి దినమునకు 220 మైక్రోగ్రాముల ఫోలేటు కావలెను, గర్భిణికి 570. నూరు గ్రాముల దుంప ఉడికిన పిమ్మట సుమారు 80 మైక్రోగ్రాము లిచ్చును. అనగా సామాన్యస్త్రీకి మూడవ వంతుకు పైన, గర్భిణికి ఏడవ వంతు. తక్కినది పప్పులు, ఆకుకూరలు, గ్రుడ్లు, మాత్రలు ఇయ్యవలెను. గర్భము నిలిచిన మొదటి నాలుగు వారములలోనే బిడ్డ వెన్నుపాము మూసికొని ఏర్పడును. ఆ దినములలో ఫోలేటు చాలనిచో వెన్నులోపము కలుగవచ్చును. చాలమందికి గర్భమని తెలియుటకు మునుపే ఆ కాలము గడచిపోవును. కావున పెండ్లియైన పిల్ల కానుపు కోరిన దినమునుండియే ఫోలేటు కావలెను గాని, సీమంతము నాటినుండి గాదు.

చిత్రమేమన, ఆకు పేర పుట్టిన ఫోలేటు బీటులో దుంపయందు హెచ్చు, ఆకునందు తక్కువ. నెత్తురు ఎరుపును చూచి మనము దుంపలో వెదకు ఇనుము ఆకునందు హెచ్చు. కాబట్టి రెండును తినువాడే తెలివిగలవాడు.

మన యిండ్ల పరిస్థితి

ఇది కేవలము వంట సంగతి గాదు. 2019–21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనత గలవారని తేలెను. అన్నమునకు కొదువలేని దేశమున సగమునకు పైగ స్త్రీలకు నెత్తురు చాలదు. గర్భము లేని స్త్రీకి హిమోగ్లోబిను 12 గ్రాములకును, గర్భిణికి 11 గ్రాములకును తగ్గినయెడల రక్తహీనత యందురు. నాట్లలో త్వరగ అలసట, మెట్లెక్కిన ఆయాసము, కనురెప్పలోపల తెల్లదనము దీని గుర్తులు. "ఆడవారికి నీరసము మామూలే" యని మనము త్రోసివేయుదుము. దూడ మేత మానిన పశువైద్యుని యొద్దకు పరుగెత్తు మనము ఇంటి యిల్లాలి నీరసమును మామూలనుట న్యాయమా?

రైతుల కింకొక కారణము గలదు. మలముతో చెడిన తడినేలలో వట్టికాళ్లతో తిరుగువారికి కొంకిపురుగు అరికాలిగుండ లోని కెక్కి, పేగులకు పట్టి, దినదినమును నెత్తురు పీల్చును. ఇట్టివారు ఎన్ని దుంపలు తినినను చిల్లికుండలో నీరు పోసినట్లే. మరుగుదొడ్డి వాడుట, చెప్పులు వేసికొనుట, పురుగు మందు తినుట కూరకంటె ముందు పనులు. పిల్లలకు బడులలోను అంగన్వాడీలలోను సంవత్సరమునకు రెండుమార్లిచ్చు నులిపురుగుల మాత్రను మాన్పింపరాదు.

రక్తపోటు సంగతి

బీటులో నైట్రేటను లవణము హెచ్చు. మన నాలుకపై నుండు సూక్ష్మజీవులు దానిని మార్చగా, అది ఒంటిలో రక్తనాళములను సడలించు వాయువగును. 2008లో లండనునందు ఆరోగ్యవంతులకు అరలీటరు బీటురసము త్రాగించి చూడగా, మూడు గంటల పిమ్మట పై రక్తపోటు సుమారు 10 మిల్లీమీటర్లు తగ్గెను. తరువాతి పరిశోధనలు పెక్కు కలిపి చూచినప్పుడు తగ్గుదల సగటున 4, 5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇది మేలే గాని మందునకు మారు గాదు. రక్తపోటు మాత్ర వేసికొనువారు దానిని మాని దుంపను నమ్ముకొనిన, మేము చెప్పిన కథయే వేరొక యింట జరుగును.

జాగ్రత్త పడవలసినవారు

మూత్రపిండములలో రాళ్లు గలవారు ఆక్జాలికామ్లము హెచ్చుగ నున్న యీ ఆకును దుంపను వైద్యుని యడిగి తినవలెను. మూత్రపిండములు చెడి పొటాసియము తగ్గించుకొనుడని వైద్యులు చెప్పినవారును అట్లే. చక్కెరవ్యాధి గలవారు కూరగ మితముగ తినవచ్చును. పీచు పోయిన రసమును, బెల్లము పోసిన హల్వాను మానవలెను. ఆరు నెలలు నిండని శిశువులకు బీటు పెట్టరాదు; నైట్రేటు వారికి కీడు చేయగలదు. ఉడికిన బీటును రాత్రియెల్ల బయట నుంచి మరునాడు పిల్లలకు పెట్టరాదు.

వంట

మొదటి నియమము: దుంపను తొక్కతోనే, రెండంగుళముల కాడ నిలిపి, కోయకుండ ఉడికింపవలెను. ముందే ముక్కలు కోసినచో రంగును ఫోలేటును నీటిలోనికి దిగిపోవును. రెండవ నియమము: ఉడికించిన నీటిని పారబోయరాదు; చారులోనో పప్పులోనో కలుపవలెను. మూడవది: వంటసోడా వేయరాదు. సోడాచే ఎరుపు పసుపువన్నెగ మారి చెడును. చింతపండు, నిమ్మ పులుపుచే ఎరుపు నిలుచును. నాలుగవది: పులుపు దించిన పిమ్మట నిమ్మరసము పిండినచో సి విటమిను మిగులును.

కొబ్బరి కూర: మన సీమకు తగినది. ఉడికిన దుంప తొక్క తీసి చిన్నముక్కలు చేయుడు. ఆవాలు, మినపప్పు, ఎండుమిరప, కరివేపాకు పోపు వేసి, ముక్కలను కలిపి, ఉప్పు చల్లి, దించుటకు ముందు గుప్పెడు కొబ్బరికోరు వేయుడు. దుంప తీపి కొబ్బరి తీపితో కలిసి హెచ్చుగ తోచినచో పచ్చిమిరప నూరి కలుపుడు.

ఆవపెట్టిన కూర: పై విధముననే పోపువేసి, చింతపండు పులుసు కొంచెము పోసి ముక్కలు మగ్గనిచ్చి, దించి చల్లారిన పిమ్మట నూరిన ఆవముద్ద కలుపుడు. పనసపొట్టు, అరటికాయలకు ఆవ పెట్టు చేతికి ఇది క్రొత్త గాదు. దుంప మట్టివాసన సరిపడదనువారికి ఇది మంచి మందు.

బీటాకు పప్పు: లేతయాకును కాడతోసహా కడిగి తరిగి, కందిపప్పు సగము ఉడికిన పిమ్మట వేయుడు. పచ్చిమిరప, ఉల్లి, కొంచెము చింతపండు చేర్చుడు. వడ్డించునప్పుడు నిమ్మచెక్క పిండుకొనుడు. ఈ పాఠములో ఒక్క వంటకమే గుర్తుంచుకొనదలచిన యెడల దీనినే యుంచుకొనుడు.

పెరుగుపచ్చడి: ఉడికిన దుంపను కోరి, కమ్మని పెరుగులో కలిపి పోపు పెట్టుడు. పిల్లలు రంగు చూచి యడిగి తిందురు. పెరుగు ఇనుము కొరకు గాదు, రుచికొరకే. కనుక ఆ పూట వేరొక కూర గూడ నుండవలెను.

పెరటి మడి

మన నల్లరేగడి బంకనేల యీ దుంపకు సహజస్థానము గాదని ముందే చెప్పుచున్నాము. దీనికి వదులైన నేల, 15 మొదలు 25 డిగ్రీల చల్లదనము ప్రీతి. మన యొద్ద వేడి హెచ్చగుటచే కొండప్రాంతపు దుంపవలె ఊరదు. కోసినప్పుడు తెల్లని వలయములు కనబడును. కావున సార్వా కోసిన పొలమున ఎకరములకొలది వేసి అంగడికమ్ముటకు మేము సలహా చెప్పము. పెరటిలో ఇంటికొరకు ఒక మడి చాలును.

ఈశాన్య వర్షములును తుపానుల భయమును తగ్గిన పిమ్మట, నవంబరు నడిమినుండి డిసెంబరు మొదటివరకు విత్తుట మేలు. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున నేలను అడుగు లోతు త్రవ్వి, గోదావరి ఒండ్రునో ఇసుకనో, బాగుగ చివికిన పశువుల యెరువునో కలిపి, జానెడెత్తు మడి కట్టుడు. పచ్చియెరువు వేయరాదు, దుంప చీలి వ్రేళ్లు హెచ్చగును. బీటు గింజ యనునది నిజమునకు కొన్ని గింజల గుత్తి. ఒక్కదాని నుండి రెండు, మూడు మొలకలు వచ్చును. ఒక రాత్రి నానబెట్టి, అడుగు ఎడముగల సాళ్లలో అంగుళము లోతు మించకుండ నాటుడు. రెండాకులు వచ్చిన పిమ్మట నాలుగంగుళముల కొక్క మొక్క నిలిపి తక్కినవి పెరుకుడు. పెరికినవి పారవేయక పప్పులో వేయుడు. పలుచన చేయని మడిలో ఆకు పెరుగును గాని దుంప ఊరదు. ఈ పంటలో రైతులు చేయు పెద్దతప్పు ఇదియే.

అట్టి మడిలో నాలుగు సాళ్లకు 120 మొక్కలు పట్టును. వానిలో 80 మాత్రమే నూరేసి గ్రాముల దుంప లూరినను 8 కిలోలగును. వారమునకు రెండుమారులు, మారునకు 400 గ్రాముల చొప్పున వండుకొన్నను పది వారములు వచ్చును. అన్నియు ఒక్కమారే ముదురకుండ పదునైదు దినముల ఎడముతో సాలుసాలుగ విత్తుడు. తడి సమముగ నుండవలెను. ఎండబెట్టి ఒక్కసారి ముంచిన దుంప పగులును, నీరు నిలిచిన కుళ్లును. సముద్రతీరపు వంశమగుటచే పెరిగిన మొక్క కొంచెము ఉప్పునీటి కోర్చును గాని, మొలక దశలో ఓర్వదు. దుంప లోపల నల్లమచ్చలు పడుట బోరాను లోపము. నేలపరీక్ష చేయించి తగుమాత్రము బోరాక్సు వేయవలెను. ఆకుమచ్చ తెగులు సోకిన ఆకులను త్రుంచి కాల్చుడు. తిను ఆకుపై పురుగుమందు కొట్టకుండుటయే మేలు.

ఆకు కోయుటకును క్రమమున్నది. మొక్కకు బయటి ఆకులు ఒకటి రెండు మాత్రమే పది దినముల కొకసారి తీయుడు, గుండెయాకు ముట్టరాదు. విత్తిన 70 మొదలు 90 దినములకు దుంప రెండంగుళముల పైచిలుకు మందమైనప్పుడు పెరుకుడు. ఇంకను ఊరునని యాశపడిన పీచు కట్టును. మన మైదానములలో దీని విత్తనము కట్టదు, దానికి కొండచలి కావలెను. ఏటేట విత్తనము కొనక తప్పదు. కనుక పదిమంది సభ్యులు కలిసి ఒక పొట్లము తెప్పించి పంచుకొనుట సహకారమునకు తగిన పని.

ముగింపు

ఈ పాఠము సారము మూడు మాటలలో చెప్పుదుము. దుంప తినుడు, ఆకును పారవేయకుడు, మాత్రను మానకుడు. దుంప మంచి కూర, వైద్యము గాదు. నెత్తురు తక్కువయని వైద్యు డిచ్చిన మాత్ర వికారము చేసినయెడల భోజనానంతరము వేయుడు, లేదా వైద్యునికి చెప్పి మార్పించుకొనుడు; అలమరలో మాత్రము పెట్టకుడు.

మా చేతిలోని యెర్రదుంపను చూచి నమ్మిన ఆ పెద్దమ్మగారి యింట ఇప్పు డొక చిన్న మడి యున్నది. మొన్న మేము పోయినప్పుడు ఆమె ఆకు కోసి ఒడిలో వేసికొనుచు, "ఇప్పుడు దుంప సంతకి పోయినా ఆకు ఇంట్లోనే ఉంటాదండీ, మాత్ర కోడలి చేతిలోనే ఉంటాదండీ" అన్నారు. మా సభలో చప్పట్లు కొట్టిన నాటికంటె ఆ మాట మాకెక్కువ సంతోషము కలిగించినది.

సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. బీటు ఎరుపునకును నెత్తురు ఎరుపునకును భేదమేమి?
2. స్త్రీకి దినమునకు కావలసిన ఇనుము దుంపనుండియే రావలెనన్న ఎన్ని కిలోలు తినవలెను? ఆకునుండి యైనచో ఎంత?
3. దుంపలో హెచ్చుగనున్న దేది? ఆకులో హెచ్చుగనున్న దేది?
4. నిమ్మరసము భోజనముతో ఎందుకు? టీ భోజనముతో ఎందుకు కూడదు?
5. మీ యింటిలో నెత్తురు పరీక్ష చేయించుకొన్న స్త్రీ లెందరు? చేయించుకొనని వా రెందరు?

ఐదవ ప్రశ్నకు సమాధానము ఈ పాఠములో లేదు. దానిని ప్రతి సభ్యుడును ఇంటికి పోయి యడిగి, వచ్చు సమావేశమునకు తీసికొని రావలెనని మా ప్రార్థన.